భైరవిలో ధైవతం ఎటు పోతోంది?

కర్ణాటక సంగీతంలోని భైరవి రాగం గురించి ఏ పుస్తకం తెరిచినా మొదటి వాక్యం దాదాపు ఒకటే. 20వ మేళకర్త (తల్లి రాగం) నటభైరవిలో జన్యం, అంటే దాన్నుంచి పుట్టింది; భాషాంగ రాగం, అంటే తల్లి రాగంలో లేని స్వరం కూడా వాడేది; ఆ అన్యస్వరం చతుశ్రుతి ధైవతం. ఆరోహణ స గ రి గ మ ప ద ని స, అవరోహణ స ని ద ప మ గ రి స. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇంతమాత్రమే పట్టుకుని హార్మోనియం మెట్లు నొక్కుకుంటూ పోతే వచ్చేది భైరవి కాదు. ఈ రాగంలో ఉన్న రెండు ధైవతాల్లో ఏది ఎక్కడ పడాలో ఆ పట్టిక చెప్పదు. ధైవతం తర్వాత గొంతు ఎటు వెళ్లబోతోందో దాన్ని బట్టే అది తేలుతుంది. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి ఈ పోస్టులో సగం ధైవతం గురించే.

ముందు స్థానాలు చూసేద్దాం. హార్మోనియం మెట్ల లెక్కలో ఒకటి శ్రుతి పెట్టుకుంటే షడ్జం 1, చతుశ్రుతి రిషభం 2, సాధారణ గాంధారం 2½, శుద్ధ మధ్యమం 4, పంచమం 5, శుద్ధ ధైవతం 5½, చతుశ్రుతి ధైవతం 6, కైశికి నిషాదం 6½. స్వరలిపిలో ధైవతాన్ని ద అనే రాస్తాం. శుద్ధానికి ద1, చతుశ్రుతికి ద2 అనుకుందాం. ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. హిందుస్తానీలో భైరవి అని పాడేది ఇది కాదు. దాని స్వరాలు మన హనుమతోడి స్వరాలకు దగ్గర, రిషభం కోమలం. యూట్యూబులో 'భైరవి' అని వెతికి దొరికినదల్లా వినేసి, రిషభం దగ్గర తికమకపడి వచ్చే పిల్లలు చాలామంది ఉంటారు.

ఇక ధైవతం. నియమం చెప్పడానికి చిన్నదే. గొంతు నిషాదం మీదుగా తారషడ్జానికి (పై షడ్జానికి) వెళ్తుంటే ద2. పంచమానికి దిగుతుంటే ద1. ప ద ని స అన్నప్పుడు ద2, స ని ద ప అన్నప్పుడు ద1. తెలుగులో 'పులి'కి లు చేరితే 'పులులు' అయినట్టు, వెనకాల వచ్చేదాన్ని బట్టి ముందున్నది మారుతుంది.

ఆరోహణలో ద2, అవరోహణలో ద1 అని కొందరు దీన్నే ఇంకా కుదించి చెబుతారు. అలా చెబితే చిక్కొస్తుంది. ప ద ప చూడండి. పంచమం నుంచి ధైవతానికి ఎక్కుతున్నాం, అయినా అక్కడ ద1 పడాలి. ఎక్కింది ధైవతం దాకానే, వెంటనే పంచమానికి తిరిగి వచ్చేస్తున్నాం కనుక. స ని ద ని స చూడండి. షడ్జం నుంచి ధైవతానికి దిగుతున్నాం, అయినా అక్కడ ద2 పడాలి. దిగింది మళ్లీ షడ్జానికి ఎక్కడానికే. అంటే ధైవతానికి ఎటునుంచి వచ్చామన్నది లెక్కలోకి రాదు, అక్కణ్నుంచి ఎటు పోతున్నామన్నదే లెక్క. ఆరోహణ, అవరోహణ అనే మాటలతో ఈ సంగతి బోధపడదు.

మరి ప ద ని ద ప? ఇక్కడ ధైవతం రెండుసార్లు వస్తుంది. రెండోది పంచమానికి దిగేది కాబట్టి ద1 అనడంలో సందేహం లేదు. మొదటిది నిషాదానికి ఎక్కుతోంది కానీ షడ్జం దాకా పోవడం లేదు, నిషాదాన్ని తాకి వెనక్కి తిరుగుతోంది. కనుక అక్కడా ద1 అనేదే పాఠ్యపుస్తకాల మాట. ప ద ని అని నిషాదం మీద చాలాసేపు నిలబడి తర్వాత దిగే సంచారాల్లో మాత్రం పాఠాంతరాలు వేరవుతాయి. పొడుగ్గా పలికే నిషాదం ఊపులో షడ్జాన్ని తాకుతుంది కదా, అందుకని. మీ గురువుగారి పాఠంలో ఎలా ఉందో అలాగే ఉంచండి. రెండు బాణీలు కలిపి పాడితే రెండూ చెడతాయి.

ఏ ధైవతమో తెలిస్తే సగం పని అయినట్టే, ఎంతసేపు పలకాలన్నది మిగతా సగం. ద2 దారిలో తగిలే స్వరం. దాని మీద ఆగకూడదు, నొక్కి పలకకూడదు, అక్కడ సంచారం ముగించకూడదు. ప ద ని స లో అది నిషాదం ఊపులోకి దాదాపు కలిసిపోతుంది. కొత్తగా వినేవాళ్లకు భైరవిలో ద2 ఉందని చెబితే తప్ప చెవికి అందకపోవడానికి కారణం ఇదే. ద1 అలా కాదు. దానికి నిలకడ ఉంది. ప ద, ప అన్నప్పుడు పంచమం మీంచి లేచి, నిషాదం అంచు దాకా ఊగి, తిరిగి పంచమంలోకి జారుతుంది. భైరవిలోని జాలి చాలావరకు ఈ ఊపులోనే ఉంది. ద1ని ఊపు లేకుండా నిటారుగా పలికితే స్వరస్థానం సరిగానే ఉంటుంది, రాగం మాత్రం వినిపించదు.

సాధనకు ఒక వరస చెబుతాను. నిమిషానికి 60 దెబ్బల నడక పెట్టుకుని, స్వరానికి ఒక దెబ్బ చొప్పున (కామా ఉన్నచోట ముందు స్వరాన్ని ఇంకో దెబ్బ పొడిగించాలి):

ప ద ప ,
ప ద ని ద ప ,
ప ద ని స ,
స ని ద ని స ,
స ని ద ప ,

మొదటి రెండింట్లో ద1, తర్వాతి రెండింట్లో ద2, చివరిదాంట్లో మళ్లీ ద1. ముందు ఒక్కొక్క వరసా విడిగా కుదరాలి. తర్వాత ఆపకుండా ఐదూ వరసగా పాడాలి. తప్పు ఎక్కువగా నాలుగు నుంచి ఐదుకు మారేచోట జరుగుతుంది. ద2 ఇంకా చెవిలో ఉండగానే ద1కి దిగాలి, అప్పుడు ద1 కాస్త హెచ్చుగా పడుతుంది. సరిగ్గా శుద్ధమూ కాదు, చతుశ్రుతీ కాదు, మధ్యలో ఎక్కడో వేలాడుతుంది. దాన్ని సరిదిద్దాలంటే ధైవతాన్ని దిద్దుకుంటూ కూర్చోకండి, పంచమాన్ని గట్టిగా పట్టుకోండి. తంబురా పంచమం చెవిలో నిలిస్తే దాని పైన అరస్వరం దూరంలో ఉన్న ద1 తనంతట తనే దారికొస్తుంది.

వయొలిన్ మీద ఈ సంగతి కంటికి కూడా కనిపిస్తుంది. మన శ్రుతిలో పంచమం తీగ మీద రెండు ధైవతాలూ చూపుడు వేలుతోనే వాయించాలి. షడ్జానికి వెళ్లేటప్పుడు ఆ వేలు బ్రిడ్జి వైపు జరగాలి, పంచమానికి వచ్చేటప్పుడు అరస్వరం వెనక్కి రావాలి. మధ్యవేలు నిషాదం ఊపుతూ ఉండగానే చూపుడు వేలు వెనక్కి సర్దుకోవాలి. వేలు ముందే సర్దుకోకపోతే స ని ద ప లో ధైవతం దగ్గర చిన్న జారు వినపడుతుంది. అది గమకం (స్వరానికి అందమిచ్చే ఊపు) కాదు, ఆలస్యం.

మరి ద2 ఇంతగా ఉన్నప్పుడు భైరవిని 22వ మేళం ఖరహరప్రియ కింద ఎందుకు వేయలేదు? 20కీ 22కీ తేడా ధైవతం ఒక్కటే. లెక్క వేస్తే భైరవి సంచారాల్లో ద1 తగిలేవే ఎక్కువ, నిలిచేదీ అదే. అందుకని ద1 సొంత స్వరమైంది, ద2 అన్యస్వరమైంది. వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో లెక్కించిన 19 మేళాల్లో భైరవి పేరుతోనే ఒక మేళం ఉంది. 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో 20వ మేళానికి నారీరీతిగౌళ అని పేరు, భైరవి దాని కింద జన్యం. ఇవాళ నటభైరవి అంటున్నాం. రాగాన్ని నేర్చుకోవడానికి ఈ పేర్లతో పనిలేదు. మేళం నంబరు పరీక్షల్లో రాయడానికి పనికొస్తుంది, గొంతుకు పనికిరాదు. పైగా భైరవి పాడినంతగా నటభైరవిని ఎవరు పాడుతున్నారు? ఇక్కడ తల్లి పేరు బిడ్డ వల్ల తెలిసింది.

ధైవతం తర్వాత భైరవిని భైరవిగా నిలిపేవి గాంధారం, నిషాదం. రెండూ కంపిత స్వరాలే. గాంధారాన్ని రిషభం మీంచి లేపి మధ్యమం దాకా ఊపాలి. నిషాదాన్ని ధైవతం మీంచి లేపి షడ్జం దాకా. హార్మోనియం మీద 2½ మెట్టు నొక్కి పట్టుకుంటే వినిపించే గాంధారం భైరవిలో ఎక్కడా ఉండదు. దాన్ని 22 శ్రుతుల్లో (సూక్ష్మ స్వరస్థానాల్లో) ఫలానా శ్రుతి అని తేల్చడానికి పుస్తకాలు చాలా సిరా ఖర్చుపెట్టాయి. రి, మ ల మధ్య కదులుతూ ఉండే స్వరాన్ని ఒక బిందువు దగ్గర కొలవడమేమిటో నాకు అర్థం కాదు.

గాంధారం ఊపులో జరిగే పొరపాట్లు రెండు రకాలు. ఒకటి, ఊపు మరీ వేగంగా వేయడం. వణుకులా వినిపిస్తుంది, మధ్యమం అందదు, రిషభం అందదు. దీనికి మందు కాలం. ఒక దెబ్బ గాంధారానికి ఇచ్చి అందులో రెండే ఊపులు వేయండి: రి-మ-రి-మ. నెమ్మదిగా, రెండు చివరలూ శ్రుతిలో పడేట్టు. అది కుదిరాక అదే దెబ్బలో నాలుగు. నాలుగు కుదిరాక ఊపు లెక్క మరిచిపోండి, రాగమే చూసుకుంటుంది. రెండోది తోడి అలవాటు. తోడి గాంధారం కూడా ఇదే సాధారణ గాంధారం, శుద్ధ ధైవతమూ కైశికి నిషాదమూ రెండు రాగాలకూ ఉమ్మడి. తోడిలో ఊగే గాంధారం కిందికి వాలేది శుద్ధ రిషభం వైపు. తోడి బాగా సాధన చేసి వెంటనే భైరవి ఎత్తుకుంటే గాంధారం కింది అంచు జారిపోయి రిషభం మెత్తబడుతుంది. భైరవి రిషభం కదలకుండా నిలబడే స్వరం, గాంధారం దాన్నే ఆసరా చేసుకుని ఊగాలి. స రి, అని రిషభం మీద కాసేపు నిలబడి, అక్కణ్నుంచి గాంధారం లేపి చూడండి. రిషభం నిక్కచ్చిగా ఉంటే మిగతాది సులువు.

స్వరలిపిలో గ అని ఒక్క అక్షరం రాసి వదిలేస్తే ఈ గొడవంతా కాగితం మీద మాయమైపోతుంది. ప్రదర్శినిలో స్వరాల నెత్తిన గమక చిహ్నాలు ఇవ్వడానికీ, తర్వాతి కాలంలో శ్రీపాద పినాకపాణిగారు ఊపులోని స్వరాలన్నీ విడివిడిగా కనిపించేలా స్వరలిపి రాయడానికీ కారణం ఇదే. వాటిని చూసి పాట నేర్చుకోవచ్చని కాదు. విన్నదాన్ని సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి సాధనం లేదు.

ఆరోహణ మొదట్లో ఉన్న స గ రి గ మ సంగతి. కొన్ని పుస్తకాలు స రి గ మ ప ద ని స అని తిన్నగానే ఇస్తాయి. ఏది సరి అన్న వాదన అనవసరం. పాటల్లో రెండూ ఉన్నాయి. స గ రి గ మ అన్నది భైరవి ముఖం చూపించే పట్టు, స రి గ మ అన్నది నడక. అయితే ప్రతి ఎత్తుగడా స గ రి గ మతోనే మొదలుపెట్టేవాళ్లు ఒక ప్రమాదం గుర్తుపెట్టుకోవాలి. ఆనందభైరవి కూడా స గ రి గ మ అనే ఎక్కుతుంది. అక్కడ పంచమం దాకా వెళ్లేలోగా తేడా తెలియజేయాల్సింది గాంధారమే. ఆనందభైరవి గాంధారం చిన్నది, ఒదిగి ఉంటుంది, భైరవి గాంధారంలా నిండుగా ఊగదు. పై భాగానికి వచ్చాక ఎలాగూ సందేహం ఉండదు, ఆనందభైరవి ప్రధానంగా ద2 రాగం.

అసలు పేచీ ముఖారితో. ముఖారికి కూడా ఎక్కేటప్పుడు ద2, దిగేటప్పుడు ద1. అవరోహణ స ని ద ప మ గ రి స అక్షరాలా ఒకటే. తేడా అంతా ఎక్కే దారిలో ఉంది. ముఖారి ఎక్కేటప్పుడు గాంధారాన్ని వదిలేస్తుంది: స రి మ ప. పైన నిషాదం మీదుగా షడ్జానికి పోదు: ప ద స, లేదా ప ని ద స. భైరవి రెండింటినీ వదలదు: రి గ మ ప, ద ని స. కాబట్టి భైరవి ఆలాపనలో తొందరపడి రి మ ప అన్నా, ప ద స అన్నా క్షణంలో ముఖారి వాసన కొడుతుంది. ఇది ఎక్కువగా వేగంగా ఎక్కే బిరకాల్లో (గొలుసుకట్టుగా పలికే స్వరాల్లో) జరుగుతుంది. గొంతు తారషడ్జం మీద కన్నేసి నిషాదాన్ని మింగేస్తుంది. ముందు వరసల్లో తారషడ్జం పట్టుకోవడం కన్నా దానికి ముందున్న ని సరిగ్గా పలకడం మీద దృష్టి పెడితే ఈ జబ్బు తగ్గుతుంది.

హుసేని ఇంకో పక్కింటి రాగం. ప ని ద ని స దాని ఆయువుపట్టు. భైరవిలోనూ మ ని ద ని స లాంటి ప్రయోగాలు ఉన్నాయి, కానీ అవి ఎప్పుడో ఒకసారి మెరవాలి. వరసగా మూడుసార్లు వేస్తే వినేవాళ్లు హుసేని అనుకుంటారు, అది వాళ్ల తప్పు కాదు. మాంజి భైరవికి మరీ దగ్గరి చుట్టం. శ్యామశాస్త్రి మిశ్ర చాపులో కూర్చిన 'బ్రోవవమ్మ' వింటే దాని తాపీ నడక అర్థమవుతుంది. మాంజి జోలికి భైరవి పూర్తిగా స్థిరపడ్డాకే వెళ్లండి. ముందే వెళితే రెండూ కలిసిపోయి ఏదీ మిగలదు. ఇక ద2 మీద ఆగి దిగడం మొదలుపెడితే ఖరహరప్రియ వచ్చేస్తుందని వేరే చెప్పక్కర్లేదు. ఎక్కేటప్పుడు ద1 వేసి ప ద ని స అంటే వచ్చేది వట్టి నటభైరవి మేళం. నిజానికి విద్యార్థుల్లో ఈ రెండో తప్పే ఎక్కువ. కీబోర్డు యాప్‌లో రాగం పేరు నొక్కితే 20వ మేళం మెట్లు వెలుగుతాయి, వాటినే నమ్ముకుంటారు.

ఇవన్నీ మాటలతో నేర్చుకోవడం కన్నా పాటలతో నేర్చుకోవడం మేలు. భైరవికి ఆ అదృష్టం బాగా ఉంది. మొట్టమొదట అటతాళ వర్ణం 'విరిబోణి'. పచ్చిమిరియం ఆదియప్పయ్య రచన, మన్నార్గుడి రాజగోపాలస్వామి మీద. ఖండజాతి అటతాళం, అంటే 5, 5, 2, 2 కలిపి ఆవర్తనానికి 14 అక్షరాలు. ఈ వర్ణం వచ్చినవాళ్లకు భైరవిలో కొత్తగా నేర్చుకోవాల్సిన ప్రయోగాలు తక్కువే మిగులుతాయి. రెండు కాలాల్లో (వేగాల్లో) పాడాలి. మొదటి కాలంలో గమకాలు విప్పుకుని, రెండో కాలంలో అవే గమకాలు కుదించుకుని. రెండో కాలం కోసం గమకాలు తీసేసి స్వరాలు పొడిగా వల్లించడం చాలాచోట్ల చూస్తాం. దానికన్నా మొదటి కాలంలోనే ఇంకో ఆరు నెలలు పాడుకోవడం మంచిది.

ఆదియప్పయ్య దగ్గర నేర్చుకున్న శ్యామశాస్త్రి (1762-1827) అదే రాగంలో, మిశ్ర చాపులో 'కామాక్షి అనుదినము' స్వరజతి చేశారు. గురువు వర్ణమూ శిష్యుడి స్వరజతీ కలిపితే భైరవికి నిఘంటువు అంటే అతిశయోక్తి కాదు. అంతకుముందు స్వరజతి అంటే జతులతో నాట్యానికి పనికొచ్చే రచన, శ్యామశాస్త్రి దాన్ని జతులు లేకుండా కేవలం పాడుకునేదిగా మలిచారు. ఇందులో ఎనిమిది చరణాలు. మొదటిది స తో మొదలవుతుంది, రెండోది రి తో, అలా గ, మ, ప, ద, ని మీదుగా ఎనిమిదోది తారషడ్జంతో. ప్రతి స్వరం ఈ రాగంలో ఎత్తుగడగా నిలబడగలదని చేసి చూపించినట్టు. ఎనిమిదో చరణం చివర 'శ్రీ భైరవి' అని రాగముద్ర కూడా ఉంది.

ఈ స్వరజతిని సాధనకు వాడుకునే పద్ధతి ఒకటుంది. చరణాన్ని ముందు స్వరంగా, తర్వాత సాహిత్యంగా పాడతాం కదా. సాహిత్యం పాడేటప్పుడు కింద స్వరం ఏం జరుగుతోందో గమనిస్తూ, ధైవతం వచ్చిన ప్రతిచోటా అది ఏదో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. పంచమానికి పోయేవి ఒకవైపు, షడ్జానికి పోయేవి ఒకవైపు. ఎనిమిది చరణాలూ అయ్యేసరికి నియమాన్ని ఎవరూ చెప్పకుండానే చెవి నేర్చుకుంటుంది. నిషాదంతో మొదలయ్యే ఏడో చరణం సాహిత్యంలో చాలా పొడుగు. అక్కడ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే నిర్ణయించుకోకపోతే మాటలు విరిగిపోతాయి, నిషాదం ఊపు కూడా దెబ్బతింటుంది.

త్యాగరాజస్వామి భైరవి కృతులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. 'కొలువైయున్నాడే' రాముడి కొలువు. 'ఉపచారము జేసేవారు', 'ఉపచారములను చేకొనవయ్య', రెండూ సేవ గురించే. 'రక్షబెట్టరే' దొరకు రక్ష పెట్టమనే పాట. కొలువు, పరిచర్య, రాజోపచారం అనగానే ఆయనకు భైరవి తోచిందనిపిస్తుంది. భైరవిలో కరుణ ఉందని అందరూ అంటారు, నిజమే. కానీ అది చేయిచాచి ఏడ్చే కరుణ కాదు. కొలువులో నిలబడి, మర్యాద తప్పకుండా మనసులో మాట చెప్పుకునే తీరు. ఈ నిబ్బరం వల్లే గంటసేపు పాడినా విసుగు రాదు. ముత్తుస్వామి దీక్షితుల 'చింతయ మాకందమూలకందం' పంచభూతలింగ కృతుల్లో పృథివీ లింగం, కంచి ఏకామ్రనాథుడి మీద. శ్యామశాస్త్రి కామాక్షి కూడా కంచి అమ్మవారే. ఒకే ఊరి అయ్యవారికీ అమ్మవారికీ ఇద్దరు వాగ్గేయకారులు ఒకే రాగం ఎంచుకున్నారు. ఆ 'చింతయ'నీ, 'బాలగోపాల'నీ విలంబంలో నేర్చుకుంటే ధైవతానికి, నిషాదానికి ఎంత చోటు ఇవ్వవచ్చో తెలుస్తుంది. మన మొవ్వ క్షేత్రయ్య పదం 'రామరామ ప్రాణసఖి' మరో మెట్టు పైన ఉంటుంది. అది గొంతు కుదిరాక పాడాల్సిన పాట. పదంలో గమకాన్ని దాచే వేగం ఉండదు కాబట్టి ఊపులో ఏ చిన్న లోపమున్నా బయటపడుతుంది.

వరస ఎలా అంటే: విరిబోణి రెండు కాలాలు, తర్వాత స్వరజతి, తర్వాత ఆదితాళంలో 'కొలువైయున్నాడే', ఆ తర్వాత దీక్షితులు. పదం చివర. ఆలాపన స్వరజతి పూర్తయ్యేదాకా మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఆలాపన పద్ధతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది వినికిడితో వచ్చేదే. పది నిమిషాల ఆలాపన అనుకుంటే మొదటి రెండు మూడు నిమిషాలు షడ్జం చుట్టూనే తిరగాలి. మంద్ర నిషాదం నుంచి ని ద ని స రి గ, రి స లాంటి పట్టుతో మొదటి నిమిషంలోనే రాగం తెలిసిపోవాలి. ఈ ని ద ని స లో ధైవతం ద2. షడ్జానికి పోతోంది కదా, మంద్రంలోనూ నియమం అదే. తర్వాత రిషభం మీద నిలకడ, పంచమం దాకా ఎక్కడం, ప ద, ప అని ద1ని తీరిగ్గా చూపించడం. పంచమం మీద రెండు మూడు సంచారాలు ముగించాక నిషాదం. భైరవిలో నిషాదం మీద నిలవడం గొప్ప అందం, తొందరపడి తారషడ్జానికి పోకండి. తారస్థాయిలో రిషభం, గాంధారం, వీలైతే మధ్యమం. తారగాంధారం ఊపు మధ్యస్థాయి గాంధారం ఊపు కన్నా కాస్త చిన్నగా ఉన్నా ఫరవాలేదు. గొంతు బిగబట్టి మధ్యమం అందుకోబోతే శ్రుతి తప్పుతుంది. దిగేటప్పుడు స ని ద ప దగ్గర ఒక్క క్షణం నెమ్మదించండి. అప్పటిదాకా పైకి పోతూ ద2కి అలవాటుపడ్డ గొంతు అక్కడే మోసం చేస్తుంది.

కల్పనస్వరాల్లో (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాల్లో) కష్టం వేరే. పైకాలంలో స్వరానికి దొరికే సమయం ఎంతో ఉండదు. ఊపు పూర్తిగా వేయడం కుదరదు. గాంధారం, నిషాదం ఒక్క ఊపుకు కుదించుకుంటాయి. చాలామంది ఈ కుదింపులో ధైవతాలను వదిలేసి, రెండుచోట్లా ఒకే ద వేసుకుంటూ పోతారు. పేరు పలికేది 'ద' అనే కాబట్టి తమకూ తెలియదు. మృదంగం హోరులో వినేవాళ్లకూ వెంటనే పట్టుబడదు, రాగం ఎందుకో పలచబడిందని మాత్రం అనిపిస్తుంది. ముక్తాయింపుల్లో (ముగింపు అల్లికల్లో) ప ద ని స, స ని ద ప ఒకదాని వెనక ఒకటి వచ్చే అల్లికలు ఎక్కువ, అంటే అర సెకను లోపల ద2 నుంచి ద1కి రావాలి. ముందుగా కూర్చుకున్న ముక్తాయింపునైతే స్వరం పేర్లు లేకుండా అకారంలో పాడి చూసుకోండి. 'ద' అన్న అక్షరం అడ్డు తొలగితే రెండు ధైవతాలూ వేరుగా పడుతున్నాయో లేదో మీ చెవికే తెలుస్తుంది. ఫోనులో రికార్డు చేసి సగం వేగంతో వినండి. పంచమం మీద ఆపి, దాని పైన ధైవతం అరస్వరం ఎత్తులో ఉందా, స్వరం ఎత్తులో ఉందా పోల్చండి. తప్పు దొరికితే ఆ ముక్కను మొదటి కాలానికి తెచ్చి, పైన చెప్పిన ఐదు వరసల్లో ఏది చెడిందో చూసుకుని, దాన్ని బాగుచేశాకే మళ్లీ వేగం పెంచండి.